సన్‌రూఫ్ వద్దు, ఈఎస్‌సీ కావాలి: అనంతపురంలో చిన్న కారు కొన్న నా అనుభవం

షోరూమ్‌లో అడుగు పెట్టగానే అడిగేవి మూడే. బడ్జెట్ ఎంత, ఏ రంగు, లోన్ కావాలా. బండిలో ఎవరెవరు కూర్చుంటారు, ఎక్కడెక్కడ తిరుగుతారు అని అనంతపురంలో మేం వెళ్లిన ఏ షోరూమ్‌లోనూ ఎవరూ అడగలేదు. ఆ లెక్క మేం ఇంట్లోనే వేసుకుని వెళ్లాం కాబట్టి సరిపోయింది.

మా లెక్క ఇది. నేను బ్యాంకులో పని చేస్తాను, మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఇద్దరమూ బండి నడుపుతాం. నా ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు, ఈ సంగతితో తర్వాత పనుంది. పాపకు అప్పుడు మూడున్నరేళ్లు. అత్తకు మోకాళ్ల నొప్పులు, బెంగళూరులో చూపిస్తున్నాం. అత్త ఎటు బయల్దేరినా మామ పక్కనే. అంటే వెనక ముగ్గురు, ముందు ఇద్దరం. బండి ఎక్కువగా తిరిగేది 44వ నంబరు జాతీయ రహదారి మీద, బెంగళూరుకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. మిగిలిందంతా ఊళ్లోనూ, కూడేరు వైపు ఉన్న మా సొంతూరికీ.

హైవే అంటే నాలుగు లైన్లు, నున్నటి తారు అనుకుంటాం. మన వైపు హైవే సంగతి ఆ దారిన పోయేవాళ్లకు తెలుసు. నూరు మీద పోతుంటే డివైడర్ సందులోంచి గొర్రెల మంద వస్తుంది. చుట్టు తిరిగి రావడం ఇష్టం లేని ట్రాక్టరు మన లైన్లోనే ఎదురొస్తుంది. ఆ బండికి దీపం ఉండదు. అలాంటి చోట బ్రేకు ఎంత ముఖ్యమో, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినప్పుడు బండి అదుపు తప్పకుండా ఉండడం అంత ముఖ్యం. మా ఆయన మైలేజీ గురించి, మామ ఏసీ గురించి మాట్లాడుతుంటే నేను ఈ ఒక్కటే పట్టుకున్నాను. బండిని అలా అదుపులో ఉంచే ఏర్పాటు పేరే ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్.

2024 దసరా అయ్యాక బ్రోచర్లు తెచ్చి చదవడం మొదలుపెట్టాం. మొదట తెలిసింది ఏమిటంటే, సేల్స్ కుర్రాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పే సేఫ్టీ ఫీచర్లలో సగం వాళ్లు మనకిచ్చే వరం కాదు, చట్టం పెట్టిన కట్టడి. 2019 జులై 1 నుంచి తయారయ్యే ప్రతి కారులో డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్, ముందు ఇద్దరికీ సీట్ బెల్ట్ గుర్తు చేసే మోత, వెనక పార్కింగ్ సెన్సర్లు, 80 దాటితే ఆగి ఆగి 120 దాటితే ఆగకుండా మోగే స్పీడ్ అలర్ట్ ఉండాల్సిందే. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అదే ఏడాది ఏప్రిల్ నుంచి తప్పనిసరి. ముందు కూర్చునే రెండో మనిషికి ఎయిర్‌బ్యాగ్ 2021లో వచ్చింది, కొత్త మోడళ్లకు ఏప్రిల్ నుంచి, పాత వాటికి ఏడాది చివరి నుంచి. ఒక షోరూమ్‌లో కుర్రాడు ఇవన్నీ ఏకరువు పెట్టి, ‘ఇన్ని ఫీచర్లు ఈ రేటుకు ఎవరిస్తారు మేడం’ అన్నాడు. చట్టం తీసేస్తే ఇంకేం మిగులుతాయో చెప్పమన్నాను. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు.

ఇక ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు. 2022 జనవరిలో కేంద్రం ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చింది, ఆ అక్టోబర్ నుంచి అన్ని కార్లకూ ఆరు ఉండాలని. ఆ సెప్టెంబర్ 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్ట్ లేకుండా కూర్చుని పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయాక దేశమంతా కొన్నాళ్లు వెనక బెల్ట్ గురించి మాట్లాడుకుంది. అంత జరిగినా ఆరు ఎయిర్‌బ్యాగ్‌ల గడువు మరో ఏడాది జరిగింది. 2023 సెప్టెంబర్‌లో మంత్రి నితిన్ గడ్కరీ ఇక తప్పనిసరి చేయబోమని చెప్పేశారు. చట్టం వెనక్కి తగ్గినా బజారు తగ్గలేదు. హ్యుందాయ్ 2023లో తన అన్ని మోడళ్లకూ ఆరు ఇస్తున్నట్టు ప్రకటించింది. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్ కింది మోడల్లోనూ ఆరు ఉన్నాయి. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సోనెట్‌కు కూడా 2024 మొదట్లో అదే పని చేశారు. మేం తిరిగేనాటికి ప్రతి షోరూమ్ అద్దం మీదా ‘ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. సంతోషమే. చిక్కేమిటంటే సేఫ్టీ మాట ఆ అంకె దగ్గరే ఆగిపోతోంది. ‘ఆరుండాయి కదా మేడం, ఇంకేం కావాల మీకు?’

నాకు ఇంకా కావలసినవి ఉన్నాయి. మొదటిది ఈఎస్‌సీ. కొన్ని కంపెనీలు ఈఎస్‌పీ అంటాయి, పని ఒకటే. మా తమ్ముడు పెనుకొండ దగ్గర కారు విడిభాగాలు చేసే కంపెనీలో పని చేస్తాడు. వాడు ఆదివారం ఇంటికొచ్చినప్పుడు పళ్లెంలో ఉప్మా తింటూనే విడమరిచి చెప్పాడు. ఏబీఎస్ ఉన్న బండిలో ప్రతి చక్రానికీ వేగం కొలిచే సెన్సర్ ఎలాగూ ఉంటుంది. దానికి తోడు స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసేది ఒకటి, బండి నిజంగా ఎంత తిరుగుతోందో చూసేది ఒకటి పెడతారు. మనం తిప్పినంత బండి తిరగకపోయినా, అంతకు మించి తిరిగి వెనక భాగం పక్కకు జారుతున్నా, అవసరమైన ఒక్క చక్రానికి మాత్రం అదే బ్రేకు వేసి బండిని దారిలోకి తెస్తుంది. మనిషి కాలితో నాలుగు చక్రాలకూ కలిపే బ్రేకు వేయగలడు, ఒక్కదానికి వేయలేడు. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరప్‌లో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. ‘తర్వాత బయట వేయించుకోవచ్చా?’ అని మామ అడిగాడు. ‘మ్యూజిక్ సిస్టమ్ కాదు మామా, అది బండి పుట్టుకలోనే రావాల’ అన్నాడు వాడు. ఎయిర్‌బ్యాగ్‌లూ అంతే. సెన్సర్లు, వైరింగ్, కంప్యూటర్, సీటు కుట్టు అన్నీ కలిపి ఫ్యాక్టరీలో రావాల్సిందే.

ఒక బండి అందరికీ నచ్చింది. దాని పేరు, షోరూమ్ పేరు రాయను. ఎందుకంటే మిగతా చోట్లా కథ దాదాపు ఇదే. ఆ బండి వేరియంట్ల పట్టిక ప్రింట్ తీసి భోజనాల బల్ల మీద పరిచి, బ్యాంకు నుంచి తెచ్చిన పచ్చ మార్కర్‌తో సేఫ్టీ వరసలు గీసుకుంటూ పోయాను. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కింది మోడల్ నుంచే ఉన్నాయి. వెనక అద్దం మీద ఆవిరి పోగొట్టే డీఫాగర్ రెండో మెట్టు నుంచి. డ్రైవర్ సీటు ఎత్తు మార్చే లివర్ మూడో మెట్టు నుంచి. ఈఎస్‌సీ ఆ మూడో మెట్టులోనే, అదీ వేరియంట్ పేరు చివర ‘ఓ’ అని తగిలించిన ఆప్షనల్ రకంలో. టైర్లలో గాలి తగ్గితే చెప్పే టీపీఎంఎస్ టాప్ మోడల్లోనే. వెనక మధ్య సీటుకు హెడ్‌రెస్ట్ ఎక్కడా లేదు, టాప్‌లో కూడా.

నాకు కోపం తెప్పించింది ఈ కట్టకట్టి అమ్మే పద్ధతి. టైరు గాలి చెప్పే చిన్న పరికరం కావాలంటే సన్‌రూఫ్, అలాయ్ వీల్స్, రంగులు మారే లైట్లు కూడా కొనాలి. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటిన ఎండలో తారు రోడ్డు మీద గాలి తగ్గిన టైరు పక్కగోడలు నలిగి మరింత వేడెక్కుతాయి, పేలడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. టీపీఎంఎస్ అవసరం మనలాంటి ఊళ్లకే. అదే ఎండలో సన్‌రూఫ్ తెరిచి నిలబడేవాడు ఎవడో నాకింతవరకు కనబడలేదు. హోటల్లో చట్నీ కావాలంటే స్వీటు, బిర్యానీ కూడా తీసుకోవాలన్నట్టుంది. మూడో మెట్టుకూ టాప్‌కూ తేడా లక్షన్నర పైన. అంతేకాదు, టాప్ మోడల్ ధర పది లక్షలు దాటుతుంది. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు పది లక్షల దగ్గర మారుతుంది కాబట్టి ట్యాక్స్ శాతం కూడా ఒక మెట్టు ఎక్కుతుంది. ఈ సంగతి ఆన్ రోడ్ కొటేషన్ చూసేదాకా చాలామందికి తెలియదు. టీపీఎంఎస్ వదులుకున్నాం. బయట దొరికే రకం, వాల్వు మూతల స్థానంలో బిగించేది, తర్వాత కొని పెట్టుకున్నాం. ఫ్యాక్టరీది అంత బాగుండదు గానీ పని నడుస్తోంది.

టెస్ట్ డ్రైవ్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. షోరూమ్‌లో తిప్పి చూపించేది ఎప్పుడూ టాప్ మోడలే. దాంట్లో కూర్చుని బాగుందనుకున్నది మనం కొనే బండిలో ఉండకపోవచ్చు. అందుకే మేం కొనాలనుకున్న మెట్టు బండి, దాని కింది మెట్టుది, స్టాక్ యార్డులో ఉంటే చూపించమన్నాం. కుర్రాడికి విసుగు వచ్చింది, కానీ మేనేజర్ సరేనన్నాడు. బైపాస్ అవతల యార్డులో, ప్లాస్టిక్ కవర్లు తీయని సీట్లలో, కాళ్ల కింద దుమ్ముతో, కూర్చుని చూశాను.

కింది మెట్టు బండిలో సీటు ఎత్తు మారదు. పెడల్ అందాలంటే ముందుకు జరగాలి, జరిగితే స్టీరింగ్ ఛాతీకి దగ్గరయ్యింది. స్టీరింగ్ మధ్య నుంచి రొమ్ము ఎముకకు కనీసం పది అంగుళాల దూరం ఉండాలని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ చెబుతుంది. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కంటే వేగంగా ఉబ్బుతుంది, మరీ ఆనుకుని ఉంటే కాపాడేదే దెబ్బ కొడుతుంది. నా హ్యాండ్‌బ్యాగులో టైలర్ టేపు ఉంది, పాప గౌను కొలతలకు పెట్టుకున్నది. కొలిస్తే ఎనిమిదిన్నర వచ్చింది. పైగా బెల్ట్ భుజం మీద కాకుండా మెడ మీదుగా పోతోంది, తల తిప్పితే గొంతు కోసినట్టు ఒరుసుకుంటోంది. మూడో మెట్టు బండిలో సీటు పక్కన లివర్ పట్టి నాలుగు సార్లు పైకి లాగాను. సీటు లేచింది, బానెట్ అంచు కనబడింది. పైనుంచి చూపు అందుతుంటే సీటు కొంచెం వెనక్కి జరిపినా పెడల్ అందింది. స్టీరింగ్ కిందికి వంచాక టేపు పదింపావు చూపింది. తలుపు స్తంభం మీద బెల్ట్ పైకొసను కిందికి జార్చే వీలు కూడా ఉంది, అప్పుడు బెల్ట్ సరిగ్గా భుజం ఎముక మీద పడింది. బ్రోచర్లో ఈ రెండూ ‘కంఫర్ట్’ కింద రాసి ఉన్నాయి. ఐదడుగులు లేని ఆడమనిషికి ఇవి సేఫ్టీ కాక ఇంకేమిటి?

వెనక సీటు కూడా అక్కడే చూశాం. ఐసోఫిక్స్ ఉందా అంటే ఆ కుర్రాడు ఉందన్నాడు, ఎక్కడంటే తల గోక్కున్నాడు. సీటు వీపు, కూర్చునే దిండు కలిసే సందులోకి చెయ్యి పెడితే రెండు ఇనుప కడ్డీలు వేళ్లకు తగులుతాయి, కిటికీ వైపు సీట్లు రెండింటికీ. పిల్లల సీటు పైపట్టీ తగిలించే మూడో కొక్కెం కోసం డిక్కీలోంచి వెతికితే సీటు వెనక, తివాచీ చీలిక కింద దొరికింది. మధ్య సీటుకు మాత్రం భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్ట్ ఉంది. మేం చూసిన ఇంకో కంపెనీ పాత మోడల్లో మధ్యన నడుముకు కట్టేదే. మా ఇంట్లో మధ్యలో కూర్చునే మనిషి ఎప్పుడూ ఉంటారు కాబట్టి ఆ బండి అక్కడికక్కడే కొట్టేశాం.

స్టార్ల గురించీ కొంత. కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే మన భారత్ ఎన్‌క్యాప్‌ను 2023 ఆగస్ట్ 22న ప్రారంభించారు, అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. అది కంపెనీలు ఇష్టపడి చేయించుకునే పరీక్ష. ముందునుంచి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, పక్కనుంచి 50తో, పక్కగా స్తంభానికి 29తో గుద్దిస్తారు. పెద్దవాళ్ల రక్షణకు 32 పాయింట్లు, పిల్లలకు 49, రెండూ విడివిడిగా ఇస్తారు. షోరూమ్‌లో మాత్రం ‘ఫైవ్ స్టార్’ అని ఒకే మాట. పిల్లల మార్కులు ఎన్ని అని అడిగితే గూగుల్ చేశారు. ఆ రిపోర్టు ఎవరైనా చూడొచ్చు, ఏ వేరియంట్లకు ఆ రేటింగ్ వర్తిస్తుందో కూడా దాంట్లో ఉంటుంది.

ఇంత చూసుకుని ‘ఓ’ రకం కావాలని చెబితే అసలు ఆట మొదలయ్యింది. ముందు, ‘అది ఎవురూ కొనరు మేడం’ అన్నారు. తర్వాత, ‘ఇప్పుడు ప్రొడక్షన్ ఆపేసినారు’ అన్నారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ధరతో సహా ఉందని ఫోన్‌లో చూపిస్తే, ‘ఉండాది కానీ వెయిటింగ్ మూడు నెలలు’ అన్నారు. అదే నోటితో, ‘టాప్ మోడల్ అయితే రేపే ఇస్తాం, సంక్రాంతికి బండి ఇంటి ముందర ఉంటుంది’ అన్నారు. అత్త పండక్కి బండి ఉంటే బాగుండనుకుంటున్న సంగతి వాళ్లకెలా తెలిసిందో నాకర్థం కాలేదు. తర్వాత తెలిసింది, టెస్ట్ డ్రైవ్‌లో మామే చెప్పాడట.

కుర్రాడి తప్పని నేననను. నెలకు ఎన్ని టాప్ మోడళ్లు అమ్మితే అంత ఇన్సెంటివ్. యార్డులో ఉన్నది తోలేయడం వాళ్ల అవసరం. ఆ అవసరానికి నా ఈఎస్‌సీ బలి కానక్కర్లేదు, అంతే.

అదే కంపెనీకి కర్నూలులో వేరే డీలర్ ఉన్నాడు. ఫోన్ చేసి వేరియంట్ పేరు పూర్తిగా, ‘ఓ’తో సహా చెప్పి అడిగాను. ‘తెల్లది ఒకటుండాది మేడం, నవంబర్ తయారీ’ అని రెండు నిమిషాల్లో చెప్పారు. నాకు నీలం మీద మనసుంది. అయితే ఏం, తెలుపు ఎండకు తక్కువ కాగుతుంది, రాత్రిపూట ఎదుటివాళ్లకు బాగా కనబడుతుంది అని సర్దిచెప్పుకున్నాను. చాసిస్ నంబర్ వాట్సాప్‌లో పంపించమన్నాం. బండి తయారైన నెల, ఏడాది ఆ నంబర్లోనే అక్షరాల రూపంలో ఉంటాయి, మా తమ్ముడు చూసి నవంబరేనన్నాడు. బుకింగ్ డబ్బు కట్టాం. ఆ సాయంత్రమే అనంతపురం షోరూమ్ నుంచి ఫోన్: ‘మేడం, మీ కోసం ‘ఓ’ రకం ఇప్పుడే అలాట్ అయింది!’ మా ఆయన స్పీకర్ ఫోన్ పెట్టి నవ్వు ఆపుకోలేకపోయాడు.

కొటేషన్ గురించి రెండు మాటలు చాలు. హ్యాండ్లింగ్ ఛార్జీలు అని ఒక వరస ఉంటుంది, అదేమిటో రాతపూర్వకంగా అడిగితే మాయమవుతుంది. యాక్సెసరీస్ కిట్ ‘కంపల్సరీ’ అంటారు, కాదు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయించుకోవాలన్న రూలు లేదు. మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు అదే పద్ధతి. సొంత బండి నష్టానికి ఏడాదికొకసారి మనకు నచ్చిన కంపెనీలో తీసుకోవచ్చు. మేం కొన్నప్పుడు చిన్న పెట్రోల్ కారుకు 28 శాతం జీఎస్టీ, పైన 1 శాతం సెస్సు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాన్ని 18కి దించారు. ఎనిమిది నెలలు ఆగి ఉంటే ఎంత మిగిలేదో మా చిన్నమామ ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ లెక్కగట్టి చెబుతాడు.

డెలివరీకి ముందు కర్నూలు వెళ్లి బండిని పగటి వెలుగులో చూశాం. గీతలు, టైర్లు, కిలోమీటర్ల రీడింగ్ అందరూ చూసేవే. నేను చూసింది వేరు. తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. కారు వెనక వంకర గీతలున్న గుర్తు ఈఎస్‌సీది, అదీ అలాగే వెలిగి ఆరాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఆ బండి తీసుకోకూడదు. స్టీరింగ్ కుడి పక్కన ఈఎస్‌సీ ఆపే చిన్న బటన్ ఉంది. కింది రకంలో ఆ చోట ఉత్త ప్లాస్టిక్ మూత ఉంటుంది, యార్డులో చూశాను కాబట్టి తెలుసు. ముందు సీట్ల వీపు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని కుట్టిన ట్యాగ్, కిటికీ పై అంచున కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌ల గుర్తు చూశాను. కర్నూలు కుర్రాడు, ‘ఇట్ల చూసినోళ్లు ఎవురూ లేరు మేడం’ అన్నాడు. మెచ్చుకున్నాడో వెటకారమో తేల్చుకోలేదు.

డోన్, గుత్తి మీదుగా ఇంటికి తెచ్చాం. మర్నాడు కసాపురం ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద దండ. మామ ముచ్చటపడి వెనక బంపర్‌కు కూడా ఒక బంతిపూల దండ కట్టించాడు. గుడి ముందర రివర్స్ వేసిన ప్రతిసారీ పార్కింగ్ సెన్సర్ ఆ పూలను చూసి ఒకటే కేకలు.

ఫ్యాక్టరీ పెట్టిన రక్షణను మనవాళ్లు బయట ఎలా పీకేస్తారో సీట్ కవర్ల షాపులో చూశాను. షాపు అన్న మంచివాడే, పనివాడే. తోలు కవర్ చుట్టూ బిగుతుగా కుట్టి చూపించాడు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంది, ఇది చిరిగి బయటికెలా వస్తుందన్నా అంటే, ‘ఏం గాదులేక్కా, అందురూ వేపిస్తాండారు’ అన్నాడు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీట్లకు ఆ వైపు కుట్టు తేలిగ్గా తెగేలా కుట్టిన కవర్లు వేరే ఉంటాయి. అవి తెప్పించమంటే వారం పట్టింది, డబ్బు కొంచెం ఎక్కువ. ముందు ఇనుప గార్డు వేస్తానన్నాడు. అది 2017 డిసెంబర్ నుంచి నిషేధం. గుద్దుకున్నప్పుడు బండి ముందుభాగం నలిగే తీరు మారిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల లెక్క తప్పుతుంది, ఎదుట నడిచేవాడి ఎముకలు విరుగుతాయి. చివరికి కౌంటర్ మీద గిన్నెలో పోసిన బెల్ట్ క్లిప్పులు తీసి, ‘ఇది పెడితే సౌండు రాదక్కా, ఫ్రీ’ అన్నాడు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ సైట్ల నుంచి ఆ క్లిప్పులు తీయించింది. మన షాపు గిన్నె దాకా ఆ ఆదేశం రాలేదు. ముందు సీట్లో చీనీకాయల సంచి పెట్టినా మా బండి మోగుతుంది, సంచికి కూడా బెల్ట్ పెడతాం.

పాప సీటు ఐసోఫిక్స్‌ది కొన్నాం. కడ్డీలకు నెట్టితే ‘టక్కు’మని రెండు వైపులా ఎర్ర గుర్తు పచ్చగా మారుతుంది. పైపట్టీ డిక్కీ వైపు కొక్కేనికి బిగించాలి, ఇది చాలామంది వదిలేస్తారు. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో, ఇలాంటి సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. మొదటి వారం పాప ఏడ్చింది, అత్త ఇంకా ఎక్కువ ఏడ్చింది. ‘బిడ్డను కట్టేసినారు, ఒళ్లో పెట్టుకుంటా గదా’ అని. మా ఆయన ఫిజిక్స్ లెక్చరర్. యాభై కిలోమీటర్ల వేగంలో గుద్దితే పద్నాలుగు కిలోల పాప చేతుల్లో ఎంత బరువవుతుందో సున్నం బస్తాల లెక్కలో చెప్పాడు. అత్త తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు తనే ముందు బెల్ట్ పెట్టుకుని మామను కసురుతుంది.

ఈఎస్‌సీ పని చేసినట్టు నాకు తెలిసింది ఒకే ఒకసారి. పామిడి దాటాక, తొలకరి చినుకులకు తారు జిడ్డుగా ఉన్నప్పుడు ఒక బైకు ఎదురు లైన్లో వచ్చింది. స్టీరింగ్ ఎడమకు, వెంటనే కుడికి తిప్పాను. మీటర్లో ఆ వంకర గీతల గుర్తు టపటపా కొట్టుకుంది, కాలి కింద పెడల్ గరగరలాడింది, బండి తన లైన్లో తను ఉంది. అది లేకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను. అత్తకు నిద్ర మాత్రం చెడలేదు.

మిగిలింది మధ్య సీటు హెడ్‌రెస్ట్. పాప సీటు ఎడమ కిటికీ వైపు, మోకాళ్లు చాపుకోవాలని అత్త కుడి కిటికీ వైపు, మధ్యన మామ. మామ పొడగరి, వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడకు ఆసరా లేదు. దూరం పోయేటప్పుడు మామను ముందు కూర్చోబెట్టి, డ్రైవింగ్ చేయని మాలో ఒకరం మధ్యకు మారుతున్నాం. మాకూ అక్కడ ఆసరా లేదు కానీ మామ మెడకు ముందే అరుగుదల ఉంది. కంపెనీకి మెయిల్ రాశాను, ఐదో మనిషికి బెల్ట్ ఇచ్చినవాళ్లు తలకు దిండు ఎందుకివ్వలేదని. ‘మీ విలువైన సూచనను సంబంధిత విభాగానికి పంపించాం’ అని జవాబొచ్చింది. మొన్న ఆ బండి కొత్త బ్రోచర్ వస్తే మా తమ్ముడు ఫొటో తీసి పంపాడు. మధ్య సీటు హెడ్‌రెస్ట్ వచ్చింది. టాప్ మోడల్లో, సన్‌రూఫ్‌తో పాటు.